ఏడో నిమిషపు నీలం

శుక్రవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మేడం తన బీరువా సొరుగు తెరిచింది. మాగ్నెట్ లేదు.

ఉండవలసినవి మిగతావన్నీ ఉన్నాయి. ఆగిపోయిన చేతిగడియారం, రెండు జతల పాత కళ్ళద్దాలు, కూతురి పాలపళ్ళు దాచిన అగ్గిపెట్టె. బుధవారం సాయంత్రం ఆమె మాగ్నెట్‌ను చేతిరుమాలులో చుట్టి వీటి మధ్య పెట్టింది. చేతిరుమాలు అవే మడతల్లో ఉంది. లోపల ఏమీ లేదు.

ఆమె మంచం అంచున కూర్చుంది. కిటికీ అద్దానికి మంచు పట్టింది. వీధి దీపాలు ఇంకా ఆర్పలేదు. తెల్లవారుజామున వచ్చిన కల ఇంకా ఒంటిని వదల్లేదు. కలలో వీధి మొత్తం ఒక ఫ్లాస్కులో ఉంది. అడుగున ఏదో తిరుగుతోంది. ఇళ్ళూ చెట్లూ సైకిళ్ళూ చప్పుడు లేకుండా ఒకే వైపు తిరుగుతున్నాయి. పక్కింటాయన తిరుగుతూనే పేపరు చదువుకుంటున్నాడు. కలలో ఆమెకు భయం వేయలేదు. సొరుగు చూశాక వేసింది.

పోయింది పెద్ద వస్తువేమీ కాదు. మందు క్యాప్సూల్ అంత ఉంటుంది. లోపల అయస్కాంతం, పైన తెల్ల పూత. దాన్ని ఫ్లాస్కులో వేసి, ఆ ఫ్లాస్కును కరెంటు పెట్టె మీద పెడితే తిరుగుతూ ద్రవాన్ని కలుపుతుంది. ఏ ల్యాబ్‌లో చూసినా డబ్బా నిండా ఉంటాయి. మేడం మాత్రం ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇదొక్కటే వాడుతోంది. పూత తెలుపు పోయి బూడిద రంగుకు తిరిగింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కూతురు బల్ల దగ్గర నిలబడి రొట్టె ముక్కకు వెన్న రాస్తోంది.

"నువ్వు తీశావా?"

బుధవారం తరవాత తల్లి కూతురితో అన్న మొదటి మాట ఇది.

"ఏంటి?"

"సొరుగులోది."

"నేను తీస్తే చెప్పే తీస్తాను. నీలాగా జేబులో వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోను."

"మరెవరు తీశారు?"

"నన్నడుగుతావేంటమ్మా. ఇంట్లో నలుగురం ఉన్నాం."

"ముగ్గురు." హాల్లో కుట్టుమిషను దగ్గర నుంచి నానమ్మ గొంతు వినిపించింది. "నన్ను లెక్కలోంచి తీసెయ్యండి. ల్యాబు సామాను నేను ముట్టుకోను. పంచదార అనుకుని ఒకసారి నాలిక మీద వేసుకున్నది చాలు."

"అత్తయ్యా, అది ఇరవై ఏళ్ళ కిందటి మాట."

"నాలిక్కి ఆ సంగతి తెలీదమ్మాయ్."

కూతురు నవ్వబోయి తల్లిని చూసి ఆగింది.

బుధవారం మధ్యాహ్నం మేడం ల్యాబ్‌లో జరిగింది ఇది. కూతురు కూడా కెమిస్టే. వేరే ఊళ్ళో పరిశోధన చేస్తోంది. తల్లి పేరు మీద నడుస్తున్న రియాక్షన్‌ను ఆ రోజు తల్లి బల్ల మీదే, తాను తెచ్చుకున్న కొత్త మాగ్నెట్‌తో చేసింది. నలభై నిమిషాలు చూసింది. ఏమీ రాలేదు. తల్లి మాగ్నెట్ వేసి అవే పొడులతో మళ్ళీ చేసింది. ఏడో నిమిషంలో ఫ్లాస్కు నీలంగా వెలిగింది. మేడం గుమ్మంలో నిలబడి రెండూ చూసింది. లోపలికి వచ్చి, మాగ్నెట్‌ను తీసి కడిగి తుడిచి, కోటు జేబులో వేసుకుని ఇంటికి వచ్చేసింది.

రెండు కర్బన ముక్కలను అతికించడానికి పల్లేడియం లాంటి అరుదైన లోహం అక్కర్లేదు, ఇనుము చాలు అని మేడం ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక వ్యాసం రాసింది. ఆ తరవాత ఆమె రాసిన ముప్పై నాలుగు వ్యాసాలూ, ఆమె దగ్గర పదకొండు మంది తెచ్చుకున్న డాక్టరేట్లూ దాని మీదే నిలబడి ఉన్నాయి. ఇప్పుడు ఆ వ్యాసాన్ని అచ్చువేసిన పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. మూడు ల్యాబ్‌లలో ఆ రియాక్షన్ జరగలేదు. వ్యాసానికి కట్టుబడి ఉంటారో, వెనక్కి తీసుకుంటారో ఈ రోజు సాయంత్రం ఐదు లోపల తెలియజేయాలి. ఆ మూడింటిలో ఒకటి కూతురి ల్యాబ్.

"ఐదింటికి ఏం రాస్తావు?" అంది కూతురు.

"ముందు పదకొండింటికి క్లాసుంది. మొదటి ఏడాది పిల్లలకి చూపించాలి. అది లేకుండా ఏం చూపించను?"

"కొత్తది తీసుకెళ్ళు. నా దగ్గర ప్యాకెట్టుంది."

మేడం సింకు వైపు తిరిగింది.

"ఏ మాగ్నెట్ అయినా ఒకటే కదా. పని చేసేది ఇనుము కదా. మరి అదే కావాలంటావేం?"

కుట్టుమిషను చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. కుళాయి నుంచి ఒక బొట్టు పడింది. మేడం ఆ బొట్టు పడిన చోటే చూస్తూ ఉండిపోయింది.

"అలవాటు," అంది చివరికి.

"అమ్మా, ఆ పూత నిండా గీతలు. ఆ గీతల్లో పల్లేడియం ఉంది. నీ ఇనుము ఊరికే కూర్చుంది. పని చేస్తోంది అది. దొరకగానే టెస్టుకి పంపిద్దాం."

"నా ల్యాబ్‌లో పల్లేడియం ఎప్పుడూ లేదు. ఒక్క చిటికెడు లేదు. గుమ్మం దాటి రానివ్వలేదు నేను. మరెక్కణ్ణుంచి వచ్చిందే? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"అది నాకూ తెలీదు."

"తెలీనప్పుడు మాట్లాడకు."

"తెలీదు కాబట్టే టెస్టు అంటున్నాను. ప్రతి ఏడూ క్లాసులో నువ్వు చెప్పే మొదటి మాట అదే కదా."

మేడం గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

"నీ దగ్గరున్నంతసేపూ అందరికీ వచ్చేది," కూతురు గొంతు తగ్గించింది. "ఎందుకంటే నువ్వే వచ్చి ఆ మాగ్నెట్ వేసేదానివి. బయటికెళ్ళాక ఎవరికీ రాలేదు. మేడం హస్తవాసి అన్నారు. నువ్వూ కాదనలేదు. హస్తవాసి డాక్టరుకుంటే మంచిదే అమ్మా. కెమిస్టుకి ఉండకూడదు."

"చాలు."

"కళ్ళద్దాల షాపు అక్కకి ఏమని రాశావు? నీ చేయి ఇంకా కుదరలేదని కాదూ?"

మేడం శిష్యుల్లో ఒకమ్మాయి వేరే సంస్థకు వెళ్ళి, రెండేళ్ళు ఈ రియాక్షన్ రాక, పరిశోధన మానేసి కళ్ళద్దాల షాపు పెట్టుకుంది. మేడం పెట్టుకునే కళ్ళద్దాలు ఆ షాపులోవే. ఆమె వాటిని తీసి కొంగుతో తుడిచింది. అవి లేకుండా కూతురి మొహం ఆవిరి పట్టిన అద్దంలా కనిపించింది. తుడవడం అయిపోయాక కూడా ఆమె వాటిని వెంటనే పెట్టుకోలేదు.

ఏడు ఇరవైకి ఆమె భర్త తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. సంస్థలో గాజు సామాను ఊదేది, అతికేది ఆయనే. అక్కడ అందరికీ గాజాయన. పెళ్ళికి ముందు ఆమెను మేడం అని, మీరు అని పిలిచేవాడు. పెళ్ళయ్యాక మార్చుకోలేదు.

"మేడం, నా కాఫీ?"

"సొరుగులో మాగ్నెట్ పోయింది," అంది ఆమె.

ఆయన తువ్వాలు కుర్చీ మీద ఆరేశాడు. దాని అంచులు సమంగా ఉన్నాయో లేదో చూశాడు.

"ఎక్కడికి పోతుంది, దొరుకుతుంది," అన్నాడు.

"ఎలా ఉంటుందిరా అది?" నానమ్మ హాల్లోంచి అడిగింది. "బూడిద రంగా? మాత్రలాగా?"

ముగ్గురూ హాలు వైపు చూశారు.

నానమ్మ ఒళ్ళో కుట్టు సామాను డబ్బా ఉంది. మూత తీసి, లోపలి నుంచి గుండుసూదుల ముద్ద ఒకటి పైకెత్తింది. ముళ్ళు నిక్కబొడుచుకున్న ఏదుపందిలా ఉంది. ముళ్ళ మధ్య బూడిద రంగు కనిపించింది.

"నిన్న పొద్దున మిషను కాలికి అంటుకుని ఉంది. మిషనుదే ఊడిందేమో అనుకున్నాను. కింద పడ్డ సూదులు ఏరుకోవడానికి ఎంత వీలుగా ఉందో. వంగక్కర్లేదు."

"నానమ్మా, సూదులన్నీ ఉక్కు. ఇనుమే కదా అది," అంది కూతురు.

"మంచిదేగా. మీ అమ్మకి ఇనుమంటే ప్రాణం."

మేడం దాన్ని తీసుకుని సూదులు ఒక్కొక్కటే లాగి డబ్బాలో వేసింది. పద్నాలుగు వచ్చాయి. సూది డబ్బాలో పడిన చప్పుడు పద్నాలుగుసార్లు వినిపించింది.

"మిషను కాలికి నడిచి వెళ్ళి అంటుకోదు కదా," అంది కూతురు.

"నేనే పెట్టాను," అన్నాడు గాజాయన.

"ఎందుకు?" అంది మేడం.

ఆయన బల్ల మీదున్న కాఫీ తీసుకుని చివరి గుక్క వరకు తాగాడు. కప్పు తీసుకెళ్ళి కుళాయి కింద కడిగి బోర్లించాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"పొయ్యి వెలిగించాలి. పనుంది," అని బయటికి వెళ్ళాడు.

నానమ్మ కప్పు వైపు చూసింది.

"పుట్టి బుద్ధెరిగాక వీడు కప్పు కడగలేదు," అంది. "ఏదో పెద్దదే చేసి ఉంటాడు."

తొమ్మిదిన్నరకు మేడం సంస్థ వెనక వైపున్న గాజు గదికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. కిటికీలకు నల్ల రంగు వేసిన గది అది. వెలుతురు మంట నుంచే వస్తుంది.

గాజాయన రెండు చేతులతో ఒక గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతున్నాడు. గొట్టానికి ఒక చివర సన్నటి రబ్బరు పైపు, ఆ పైపు రెండో చివర ఆయన పెదవుల మధ్య ఉన్నాయి. మెత్తబడిన గాజును ఆ పైపులోంచి ఊది ఉబ్బిస్తాడు. తిప్పడం ఆపితే గాజు ఒక పక్కకు జారుతుంది. ఊదడం ఆపితే కుంగుతుంది. ఆ పనిలో ఉన్నప్పుడు ఆయనతో మాట్లాడి లాభం లేదని ఆ సంస్థలో అందరికీ తెలుసు.

మేడం స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిచ్చుక పిచ్చి మాట్లాడుతోంది," అంది. పిచ్చుక ఇంట్లో కూతురికి ముద్దుపేరు. "మీరు దాని మాట పట్టుకుని నా సామాను దాచారు. అంతేనా?"

గొట్టం తిరుగుతోంది. గాజుకు తగిలిన చోట మంట పసుపు రంగుకు మారింది. గాజాయన గులాబీ రంగు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆ అద్దాల్లోంచి పసుపు మంట కనిపించదు. గాజు ఒక్కటే కనిపిస్తుంది.

"అందులో ఏమీ లేదని నాకు తెలుసు. దాన్ని మొదటిసారి నాకిచ్చింది మీరే. స్టోరులోంచి తెచ్చారు. కొత్తది. అందుకే నాకు ధైర్యం."

గాజాయన పైపు నోట్లో ఉంచుకునే తల అడ్డంగా ఊపాడు.

మేడం స్టూలు అంచుకు జరిగింది.

గొట్టం తిరుగుతూనే ఉంది. దాని మధ్య భాగం ఉబ్బి నిమ్మకాయంత అయింది, నారింజంత అయింది. ఆయన చెంపలు నిండాయి, తగ్గాయి. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ నాలుగు నిమిషాలూ ఆమెకు తెల్లవారుజాము కల లోపల కూర్చున్నట్టు అనిపించింది. గోడలూ సీసాలూ ఆయన చేతులూ అన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయి. అడగవలసిన మాట నోటి దాకా వచ్చి, అది కూడా తిరుగుతోంది.

ఆయన మంట తగ్గించాడు. ఫ్లాస్కును ఆసరా మీద పెట్టి పైపు తీశాడు. పెదవి మీద దాని గుర్తు పడింది.

"స్టోరు మూసి ఉంది ఆ రోజు," అన్నాడు.

"తరవాత?"

"ఒక మాగ్నెట్ దొరుకుతుందా అని మీరొచ్చారు. నా దగ్గర లేదన్నాను. మీరు వెళ్ళిపోతుంటే, ఆగండి అన్నాను."

"అది గుర్తుంది."

"పొద్దున పక్క బిల్డింగులో పెద్ద ప్రొఫెసరు గారి గొట్టం అతకడానికి వెళ్ళాను. సింకు పక్కన ట్రేలో పారేసే మాగ్నెట్లు నానుతూ కనిపించాయి. మళ్ళీ వెళ్ళి ఒకటి తెచ్చాను. కుళాయి కింద కడిగాను. చొక్కాకి తుడిచాను."

పెద్ద ప్రొఫెసరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పల్లేడియం మీదే పని చేశాడు. అది ఇద్దరికీ తెలుసు.

"కొత్తదన్నారు," అంది మేడం.

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"పాతదంటే మీరు తీసుకునేవారు కాదు. తీసుకోకపోతే థాంక్స్ చెప్పడానికి మళ్ళీ వచ్చేవారు కాదు."

"నేను థాంక్స్ చెప్పడానికి రాలేదు."

"రాలేదు. మూడో రోజు ఫ్లాస్కు పగలగొట్టుకుని వచ్చారు."

ఆమెకు నవ్వు వచ్చింది. పెదవుల దాకా వచ్చి ఆగింది.

"ఇన్నేళ్ళూ తెలుసా మీకు?"

"మొన్నటిదాకా తెలీదు. నాకు గాజొకటే తెలుసు. మాగ్నెట్టుకి లోహం పట్టుకుంటుందని ఎవరు చెప్పారు నాకు? నేనూ మీ హస్తవాసే అనుకున్నాను. మొన్న పిచ్చుక పల్లేడియం అనేసరికి ట్రే కళ్ళ ముందుకొచ్చింది."

"ఆసిడ్‌లో పడేస్తే ఆ లోహం పోయేది. గంట పని. ఏ టెస్టులోనూ దొరక్కపోయేది."

"అందుకే తీశాను నిన్న పొద్దున. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలీక మిషను కాలికి పెట్టాను."

"ఎందుకు వెనక్కి వచ్చారు?"

"నేను మీకిచ్చిన మొదటి వస్తువది."

పొయ్యిలో గ్యాసు సన్నగా మోగుతోంది. ఫ్లాస్కు చల్లారుతూ ఒక్కసారి టిక్కుమంది.

"ట్రేలో ఎన్నున్నాయి?" అంది మేడం.

"ఐదో ఆరో."

"బూడిద రంగువేనా అన్నీ?"

"కొన్ని నల్లవి. ఉన్నవాటిలో తెల్లగా ఉన్నదే ఏరాను."

ఆమె స్టూలు మీద నుంచి లేచింది. ఆసరా మీదున్న ఫ్లాస్కును చూసింది.

"దీనికి కవల కావాలి. ఇదే కొలత, ఇదే మెడ. పది ముప్పావుకి."

"ఒకటే కదా మీరు వాడేది?"

"రెండు కావాలి."

ఆయన పైపు చేతిలోకి తీసుకున్నాడు. పెదవులకు ఆనించే ముందు అడిగాడు.

"నన్నేమీ అనరా మేడం?"

"ఏమనాలో నాకింకా తెలియట్లేదు. ఐదు దాటాక చెప్తాను."

పదకొండు గంటలకు క్లాసు నిండింది. మెట్లు మెట్లుగా ఉన్న గది అది. మొదటి ఏడాది పిల్లలు అరవై ముగ్గురు. పైక్లాసుల వాళ్ళు కొందరు గోడ వెంట నిలబడ్డారు. టర్ము చివర మేడం చేసే ఈ ప్రదర్శనను అక్కడ నీలం క్లాసు అంటారు. కూతురు తలుపు పక్కన నిలబడింది. గాజాయన పని కోటుతోనే వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

మేడం బోర్డు మీద ఎడమ వైపు రెండు ముక్కలు గీసింది. కుడి వైపు అవే ముక్కలు అతుక్కుని ఉన్నట్టు గీసింది. మధ్యలో బాణం గీత గీసి దాని మీద ఇనుము అని రాసింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా రాస్తున్న మాట అది.

"ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెడితే నూరేళ్ళయినా ఒకదాన్నొకటి పలకరించవు," అంది. "మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య కావాలి. ఆయన ఒకరి చెయ్యి పట్టుకుంటాడు. రెండో వాళ్ళ చెయ్యి కూడా పట్టుకుంటాడు. ఇద్దరి చేతులూ కలిపి తను తప్పుకుంటాడు. లోహం చేసే పని అది. అతుక్కున్న కొత్త పదార్థం చీకట్లో ఈ అతినీలలోహిత దీపం కింద నీలంగా వెలుగుతుంది."

"పేరయ్యకేం మిగుల్తుంది మేడం?" ముందు వరసలోంచి ఒకడు.

"ఏమీ మిగలదు. ఇంకో జంట దగ్గరికి వెళ్తాడు. అందుకే చిటికెడు చాలు. చిటికెడులో వెయ్యో వంతున్నా చాలు."

చివరి మాట అన్నాక ఆమె జేబు తడుముకుంది.

"రెండు ఫ్లాస్కులెందుకు మేడం? సీనియర్లు ఒకటే అన్నారు."

"ఈసారి రెండు."

రెండూ ఆ పొద్దున ఊదినవి. రెండింట్లోనూ ఒకే పొడులు, ఒకే ఇనుప లవణం, ఒకే కొలత. ఎడమ దాంట్లో ఆమె జేబులోంచి బూడిద రంగు మాగ్నెట్ తీసి వేసింది. కూతురి వైపు చెయ్యి చాపింది. కూతురు ప్యాకెట్టు తెచ్చి ఇచ్చింది. వేళ్ళు తగిలాయి. మేడం ప్యాకెట్టును ముందు వరసలోని అమ్మాయికి ఇచ్చి విప్పమంది. అందులోని కొత్త మాగ్నెట్‌ను కుడి దాంట్లో వేసింది.

పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు తెరలు దించారు.

చీకట్లో రెండు మాగ్నెట్లు తిరిగే చప్పుడు వినిపించింది. గడియారం ముల్లు కనపడేలా ఒకడు టార్చి పట్టుకుని నిమిషాలు చదివాడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడో నిమిషంలో ఎడమ ఫ్లాస్కు అడుగున నీలం మొదలైంది. పొగలా లేచి మెడ దాకా నిండింది. ఆ వెలుతురు ముందు వరస మొహాల మీద పడింది, తరవాత వెనక వరసల మీద. గది గదంతా నీళ్ళ అడుగున కూర్చున్నట్టుంది. చప్పట్లు కొట్టారు.

కుడి ఫ్లాస్కు చీకటిగా ఉంది.

చప్పట్లు తగ్గాయి.

"దానికేమైంది మేడం?"

"మీరే చెప్పండి."

"వేడి చాల్లేదేమో."

"రెండింటికీ ఒకటే వేడి."

"పొడి తక్కువ పడిందేమో."

"తూచింది మీ వాళ్ళే."

"అలిగిందేమో మేడం," అన్నారెవరో. నవ్వులు.

"ఆగుదాం," అంది ఆమె.

పదిహేను నిమిషాలు ఆగారు. ఇరవై ఐదు నిమిషాలు ఆగారు. కొందరు బల్లల మీద గడ్డాలు ఆనించుకున్నారు. ఒకరు నిద్రలోకి జారి, లేచి, నీలం ఇంకా ఉందా అని చూశారు. మాగ్నెట్ల చప్పుడు దూరంగా ఎవరో నడుస్తున్నట్టు వస్తూనే ఉంది. మేడం చేతులు కట్టుకుని రెండు ఫ్లాస్కుల మధ్య నిలబడింది. మొహంలో సగం వైపు మాత్రమే నీలం పడుతోంది.

"మేడం." ప్యాకెట్టు విప్పిన అమ్మాయి గొంతు అది. "తేడా మాగ్నెట్ ఒక్కటే."

"అవును," అంది మేడం.

ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర కూతురు ఒక అడుగు ముందుకు వేసి నిలబడిపోయింది.

"ఇది రావడం లేదని ఒకమ్మాయి నాకు ఎనిమిది ఉత్తరాలు రాసింది," మేడం పిల్లలతోనే చెబుతోంది. "నీ చెయ్యి కుదరలేదు, మళ్ళీ చెయ్యి అని ఎనిమిదింటికీ జవాబు రాశాను. ఆ అమ్మాయి చెయ్యి బాగానే ఉంది."

పదకొండు గంటల నలభై ఐదుకి గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

మేడం ఎడమ ఫ్లాస్కులోంచి బూడిద రంగు మాగ్నెట్‌ను పట్టకారుతో తీసింది. మూడు బీకర్లలో మూడుసార్లు కడిగింది. చివరిసారి కడిగిన నీటిని దీపం కింద పెట్టి చూపించింది. నీలం లేదు. కుడి ఫ్లాస్కులోంచి కొత్త మాగ్నెట్ తీసి దీన్ని వేసింది.

"టైము చదవండి," అంది.

"ఒకటి," అన్నాడు టార్చి పట్టుకున్నవాడు. "రెండు." ఆ తరవాత గది మొత్తం గొంతు కలిపింది. మూడు. నాలుగు. కూతురు పెదవులు కూడా కదిలాయి. చివరి వరసలో గాజాయన తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు.

పదకొండు గంటల యాభై ఏడు నిమిషాలకు కుడి ఫ్లాస్కు నీలంగా వెలిగింది. చప్పట్లు కొట్టలేదు.

మేడం తెరలు ఎత్తమంది. వెలుతురుకు అందరూ కళ్ళు చికిలించారు. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి, డస్టరు తీసుకుని, బాణం గీత మీదున్న ఇనుము అన్న మాటను తుడిచింది. సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

పన్నెండు గంటలకు ఆ చోట ఇంకా ఏమీ రాసి లేదు.